పాదాలు కడిగే అధికారం: క్రీస్తు చూపిన సేవా నాయకత్వం శ్రీసభలో ఎలా పనిచేస్తోంది?

క్లుప్తంగా

క్రీస్తును వినయానికి, సేవకు ఆదర్శంగా చూపడం కతోలిక బోధనలో మొదటి నుంచీ ఉన్నదే. ఆ ఆదర్శం నాయకుడి మెత్తని ప్రవర్తనతో సరిపెట్టుకుంటుందా, అధికారం నడిచే తీరునే మార్చమంటుందా అన్న విషయంలో మాత్రం శ్రీసభ (కతోలిక చర్చి) చరిత్ర పొడవునా ఊగిసలాట కనిపిస్తుంది. సువార్తల కథనం, రోమ్‌లో వచ్చిన మార్పులు, పద్దెనిమిదో శతాబ్దపు పుంగనూరు మిషన్ అనుభవం, నేడు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో విచారణ గురువు (ఒక గుడి పరిధిలోని విశ్వాసుల సంఘమైన ‘విచారణ’ను నడిపే ఫాదర్) చేతిలో ఉండే అధికారాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఊగిసలాటకు కారణాలు కొంతవరకు అర్థమవుతాయి.

అయోమయం ఎక్కడ?

ఏటా గుడ్ ఫ్రైడే ముందురోజైన పవిత్ర గురువారం సాయంత్రం ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని కతోలిక గుళ్లలో, ప్రపంచంలోని మిగతా కతోలిక గుళ్లలో లాగానే, ఒక తంతు జరుగుతుంది. దివ్యబలిపూజలో గురువు పై వస్త్రం తీసి, నడుముకు తువాలు చుట్టుకుని, ముందు వరుసలో కూర్చోబెట్టిన విశ్వాసుల పాదాలు కడిగి తుడుస్తారు. వేసవి సెలవులు గడిచి బడి తెరిచేసరికి అదే గురువు కరస్పాండెంటు హోదాలో ఉపాధ్యాయుల నియామకపు కాగితాలపై సంతకం చేస్తారు. విచారణ ఖాతా నడుపుతారు. పెళ్లికి కావలసిన పత్రాలు ఇస్తారు, లేదా ఆపుతారు. ఈ పనులన్నీ చేసేది ఒకే మనిషి. వాటి మధ్య సంబంధం ఏమిటన్నది విశ్వాసులకే అంతగా స్పష్టం కాదు, బయటివారి సంగతి చెప్పనక్కర్లేదు.

పై స్థాయిలోనూ ఇదే చిక్కు. పోప్ బిరుదుల్లో ‘దేవుని సేవకుల సేవకుడు’ ఒకటి. 1983 నాటి శ్రీసభ చట్టం 331వ అధికరణ మాత్రం ఆయనకు సర్వోన్నతమైన, సంపూర్ణమైన, సార్వత్రికమైన అధికారం ఉందంటుంది. 2025 ఏప్రిల్ 21న పోప్ ఫ్రాన్సిస్ మరణించి, మే 8న 14వ లియో ఎన్నికైన తర్వాత ఈ చర్చ మళ్లీ ముందుకు వచ్చింది. ఫ్రాన్సిస్ 2013లో ఎన్నికైన రోజున వద్దనుకున్న ఎర్రని భుజవస్త్రాన్ని లియో ధరించి జనం ముందుకు రావడంతో, ఇద్దరిలో ఎవరు ఎక్కువ వినయశీలి అన్న వాదన సామాజిక మాధ్యమాల్లో సాగింది. మరుసటి రోజు సిస్టీన్ ప్రార్థనాలయంలో లియో చేసిన ప్రసంగం వేరే చోట వేలు పెట్టింది. అధికారం నెరపేవారు క్రీస్తు నిలిచేలా తాము పక్కకు తప్పుకోవాలని, ఆయన తెలియబడేలా తాము చిన్నవారు కావాలని ఆయన అన్నారు. భుజవస్త్రం గురించి జరిగినంత చర్చ ఈ మాట గురించి జరగలేదు.

బిరుదు వదులుకోకుండా వంగడం

మిగతా మూడు సువార్తలు కడరాత్రి భోజనంలో రొట్టె, ద్రాక్షారసాల గురించి చెప్పే చోట యోహాను సువార్త 13వ అధ్యాయం పాదాలు కడగడం గురించి చెబుతుంది. దుమ్ము దారుల్లో చెప్పులతో నడిచే ఆనాటి పాలస్తీనాలో అతిథి కాళ్లకు నీళ్లివ్వడం మర్యాద. కడగడం మాత్రం ఇంటి దాసుల పని. యూదుడైన బానిసతో ఈ పని చేయించకూడదని తర్వాతి కాలపు యూదు వ్యాఖ్యానం ఒకటి చెబుతుంది. ఆ పనిని ఎంత కిందిదిగా చూసేవారో అర్థం చేసుకోవడానికి ఇది చాలు. అందుకే పేతురు ససేమిరా అన్నాడు. కడగనివ్వకపోతే తనతో భాగం లేదని క్రీస్తు తేల్చి చెప్పాక గానీ లొంగలేదు.

ప్రసంగాల్లో సాధారణంగా జారిపోయే సంగతి ఒకటి ఇక్కడ ఉంది. పని ముగించి, తిరిగి వస్త్రం వేసుకుని కూర్చున్నాక క్రీస్తు తనను గురువు, ప్రభువు అని శిష్యులు పిలవడం సరైనదేనని అంటాడు. బిరుదును తోసిపుచ్చలేదు, అధికారం లేనట్టు నటించలేదు. అధికారం తన దగ్గరే ఉందని ఒప్పుకుంటూ, దాన్ని ఎటువైపు ఖర్చు పెట్టాలో చూపాడు. ఈ తేడా పట్టించుకోకపోతే సేవా నాయకత్వం నిర్ణయాలు తీసుకోవడానికి జంకే మెతకతనంగా కుదించుకుపోతుంది. ఆ రాత్రి కడిగిన పాదాల్లో యూదావి కూడా ఉన్నాయి. తనను అప్పగించబోతున్నాడని తెలిసే కడిగినట్టు సువార్త చెబుతుంది. అర్హతను బట్టి గానీ, బదులుగా వచ్చే విధేయతను బట్టి గానీ చేసిన సేవ కాదన్నమాట.

తెలుగు పాఠకులకు పాదాలు కడగడం పరాయి ఆచారం కాదు. పెళ్లిలో కన్యాదాత వరుడి కాళ్లు కడుగుతాడు. ఆ ఘడియకు వరుడు విష్ణు స్వరూపం, కాబట్టి అక్కడ తగ్గేది కడిగే చెయ్యి. ఎవరు పైన, ఎవరు కింద అన్న క్రమం ఆ నీళ్లతో మరింత ఖాయమవుతుంది. కుచేలుడి కథ యోహాను కథనానికి ఇంకాస్త దగ్గరగా వస్తుంది. ద్వారకను ఏలేవాడు చిరుగుబట్టల బాల్యమిత్రుడి కాళ్లు కడిగి ఆ నీళ్లు తలపై చల్లుకున్నాడని భాగవతం. ధర్మరాజు రాజసూయంలో అతిథుల పాదాలు కడిగే పని శ్రీకృష్ణుడు చేపట్టాడని కూడా అదే భాగవతం చెబుతుంది. శ్రీవైష్ణవ సంప్రదాయం భగవంతుడికి పరత్వంతో పాటు సౌలభ్యాన్నీ గుణంగా చెబుతుంది. అందనంత ఎత్తున ఉన్నవాడు అందరికీ అందేలా దిగిరావడమే సౌలభ్యం. తిరుమల కొండ నీడన బతికేవారికి ఇది కొత్తగా వివరించవలసిన భావన కాదు.

కతోలిక బోధన వేరే దారి పట్టేది ఆ తర్వాతి మలుపులో. నేను చేసినట్టే మీరూ ఒకరి పాదాలు ఒకరు కడగాలి అన్న ఆజ్ఞతో ఆ వంగడం దైవలీలగా ఆగిపోకుండా పదవిలో ఉన్నవారికి నియమమైంది. శ్రీవైష్ణవంలోనూ తోటి భక్తుల సేవ గొప్ప ధర్మమే. అయితే అది భక్తుడికి భక్తుడు చేసే కైంకర్యం. యోహాను కథనంలోని ఆజ్ఞ మొట్టమొదట తగిలేది రేపు సంఘాన్ని నడపబోయే పన్నెండు మందికి.

కుడి, ఎడమ కుర్చీల తగవు

మార్కు సువార్త 10వ అధ్యాయంలో జెబెదయి కొడుకులు యాకోబు, యోహాను క్రీస్తు దగ్గరికి వచ్చి, ఆయన మహిమలో కుడివైపు ఒకరికి, ఎడమవైపు ఒకరికి చోటు అడుగుతారు. మత్తయి కథనంలో ఆ కోరిక వాళ్ల అమ్మ నోట వస్తుంది. మిగతా పదిమందికి కోపం వచ్చిందని సువార్త చెబుతుంది గానీ, ఆ కోపం వినయంలోంచి పుట్టిందని ఎక్కడా అనదు. అప్పుడే క్రీస్తు జవాబు: అన్యజనుల పాలకులు వారిపై పెత్తనం చేస్తారు, మీలో అలా ఉండకూడదు, మొదటివాడు కాగోరేవాడు అందరికీ దాసుడు కావాలి, మనుష్యకుమారుడు వచ్చింది సేవ చేయించుకోవడానికి కాదు, చేయడానికి.

లూకా సువార్త ఇదే తగవును కడరాత్రి భోజనపు బల్ల దగ్గరే జరిగినట్టు చూపిస్తూ ఒక చురక కలుపుతుంది. పెత్తనం చేసే రాజులే ‘ఉపకారులు’ అనిపించుకుంటారట. ఇది ఊహించి అన్న మాట కాదు. ఈజిప్టును ఏలిన టాలమీ రాజుల్లో ఇద్దరు ఆ అర్థమొచ్చే బిరుదును అధికారికంగానే ధరించారు. కూడలి కూడలికీ పుట్టినరోజు ఫ్లెక్సీల మీద ‘పేదల పెన్నిధి’, ‘ప్రజాసేవకుడు’ చదివి అలవాటైన జిల్లాలో ఈ చురకకు వ్యాఖ్యానం అక్కర్లేదు. సేవకుడన్న పేరే పెత్తనానికి ముసుగు కావచ్చని హెచ్చరించినవాడు సేవా నాయకత్వానికి ఆదర్శంగా చెప్పే క్రీస్తే.

ఎవరు దిగాలి?

పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన లేఖ రెండో అధ్యాయంలోని స్తుతి ఈ బోధనకు దైవశాస్త్ర పునాది. దైవస్వరూపం కలిగినవాడు దాన్ని పట్టుకుని వేలాడక, తనను తాను ఖాళీ చేసుకుని, దాసుడి రూపం ధరించి, సిలువ మరణం దాకా తగ్గించుకున్నాడని ఆ స్తుతి చెబుతుంది. ఫిలిప్పీ రోమన్ సైనికులు స్థిరపడిన పట్టణం. హోదాలు, పదవులు, బిరుదులు రాళ్ల మీద చెక్కించుకోవడం అక్కడి పెద్దల పరువు. సిలువ శిక్ష ప్రధానంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు. అలాంటి ఊళ్లో, శిలువెక్కినవాడే ప్రభువని పాడుకోవడం హోదాల నిచ్చెనను తలకిందులు చేయడమే.

ఆ స్తుతిలో దిగినవాడు పైనున్నవాడు. ఈ దిశ ముఖ్యం. వినయాన్ని ప్రధానంగా కిందివారికి బోధించి, పైవారికి గౌరవం మిగిల్చే ప్రసంగం ఇదే వాక్యాన్ని ఆధారం చేసుకున్నా దాని దిశను తిరగేస్తుంది. భారతదేశంలో 1980ల నుంచి రూపుదిద్దుకున్న దళిత దైవశాస్త్రం ఎత్తిచూపే ప్రశ్నల్లో ఇదొకటి. తరతరాలుగా ఒకరి కాళ్ల దగ్గరే కూర్చోబెట్టిన మనిషికి తగ్గించుకోమని చెప్పడంలో అర్థం ఏముంది? ఆ మనిషికి సువార్త ఇచ్చేది, అతని పాదాలు ముట్టుకునే ప్రభువును. ప్రసంగాల్లో ఈ రెండో సగం వినిపించేది తక్కువ.

మఠం నుంచి వాటికన్ దాకా

ఆదర్శాన్ని నియమంగా మలిచే తొలి గట్టి ప్రయత్నాల్లో ఒకటి ఆరో శతాబ్దంలో, 530 ప్రాంతంలో, బెనెడిక్ట్ మునీశ్వరుడి మఠ నియమావళిలో కనిపిస్తుంది. ముఖ్యమైన పని ఏది వచ్చినా మఠాధిపతి అందరినీ పిలిచి సలహా అడగాలి, ఎందుకంటే మేలైన ఆలోచనను దేవుడు తరచూ చిన్నవాడికే తోపిస్తాడు. అంతిమ నిర్ణయం మాత్రం మఠాధిపతిదే. వంటపని వంతుల వారీగా అందరూ చేయాలి. వంతు ముగిసినవారు, కొత్తగా వంతుకు వచ్చేవారు కలిసి అందరి పాదాలు కడగాలి. అతిథి వస్తే మఠాధిపతి కూడా కడగాలి. ఇక్కడ వినయం ఏడాదికోసారి వచ్చే ఉత్సవంలా కాక వారం వారం తిరిగే డ్యూటీలా ఉంది. ఈ నియమావళి పదిహేను శతాబ్దాలు నిలవడానికి ఆ పట్టింపు కూడా ఒక కారణం కావచ్చు.

590 నుంచి 604 వరకు పోప్‌గా ఉన్న మొదటి గ్రెగరీ సన్యాసిగా ఉండి ఆ పదవికి వచ్చినవారు. కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి ‘సార్వత్రిక’ బిరుదు వాడటాన్ని తీవ్రంగా ఆక్షేపించి, తనకు ‘దేవుని సేవకుల సేవకుడు’ అన్న పేరు వాడుకలోకి తెచ్చారు. బిరుదు చిన్నదే గానీ, తగవు మాత్రం ఎవరు పెద్ద అన్నదే. తర్వాతి శతాబ్దాల్లో ఈ బిరుదుతో పాటు మూడంతస్తుల కిరీటం, భుజాల మీద మోసే సింహాసనం కూడా వచ్చి చేరాయి. అవన్నీ కలిసి ఎలా ఇమిడాయన్న ప్రశ్న అప్పట్లో ఎక్కువమందికి తట్టినట్టు లేదు.

ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి గుర్తులు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. 12వ పయస్ 1955 సంస్కరణతో పాదాలు కడిగే తంతు విశ్వాసులు నిండుగా ఉండే సాయంత్రపు పూజలోకి వచ్చింది. 6వ పాల్ 1964 నవంబరులో తన కిరీటాన్ని పూజాపీఠంపై ఉంచి పేదల కోసం వదులుకున్నారు. 1978లో మొదటి జాన్ పాల్ కిరీట ధారణే వద్దన్నారు. 2013 ఫిబ్రవరిలో 16వ బెనెడిక్ట్ పదవికి రాజీనామా చేయడం వీటన్నిటికంటే అరుదైనది. దాదాపు ఆరు వందల ఏళ్లలో అలా దిగిన తొలి పోప్ ఆయన. కుర్చీ వదలడాన్ని వినయంగా చదవవచ్చునన్న ఆలోచన అప్పటిదాకా పుస్తకాల్లోనే ఉంది. అదే ఏడాది పవిత్ర గురువారం నాడు ఫ్రాన్సిస్ రోమ్‌లోని బాలనేరస్థుల కారాగారానికి వెళ్లి పన్నెండు మంది పాదాలు కడిగారు. వారిలో ఆడపిల్లలు ఉన్నారు, ముస్లింలు ఉన్నారు. అప్పటి నియమం పురుషులనే చెబుతోంది కాబట్టి విమర్శలు వచ్చాయి. 2016 జనవరిలో నియమాన్నే మార్చి స్త్రీలకూ చోటు కల్పించారు.

రెండవ వాటికన్ మహాసభ (1962–65) చేసిన పని ఫొటోలకు అందదు గానీ, ప్రభావం పెద్దది. శ్రీసభ గురించిన ప్రధాన పత్రంలో పీఠాధిపతుల (బిషప్‌ల) అధ్యాయం కంటే ముందు ‘దైవప్రజ’ అధ్యాయాన్ని పెట్టింది. మీ కోసం నేను బిషప్‌ను, మీతో పాటు క్రైస్తవుణ్ణి అన్న ప్రాచీన బిషప్ అగస్టీన్ మాటను అదే పత్రంలో ఉదహరించింది. అధికారం బాప్తిస్మం పొందిన అందరి మధ్యలో ఉంటుంది తప్ప వారి పైన వేలాడదన్నది దాని సారాంశం.

పుంగనూరులో ఎదురైన చిక్కు

ఈ బోధన చిత్తూరు సీమను తాకింది పద్దెనిమిదో శతాబ్దం ఆరంభంలో. పాండిచ్చేరి నుంచి వచ్చిన ఫ్రెంచి జెస్విట్ (యేసు సభ) గురువులు నడిపిన కర్ణాటక మిషన్‌కు పుంగనూరు తొలి కేంద్రాల్లో ఒకటి. 1606లో మదురై చేరిన రాబర్టో దె నోబిలి పద్ధతే వీరి పద్ధతి: కాషాయం, శాకాహారం, నేల పడక, స్థానిక భాష, సన్యాసి జీవితం. యూరోపియన్ సుఖాలన్నీ వదులుకుని, వచ్చిన దేశపు తీరులోకి ఒదిగిపోవడాన్ని వారు క్రీస్తు తగ్గింపుకు అనుసరణగానే భావించారు. ఒక కోణంలో అది నిజం కూడా.

అయితే సన్యాసిగా ఆదరణ పొందాలంటే పై కులాల మర్యాదలు పాటించాలి. అంటే అంటరానివారన్న ముద్రపడిన వారి ఇళ్లలోకి బహిరంగంగా వెళ్లకూడదు. రోగి చావుబతుకుల మధ్య ఉన్నా, సంస్కారాలు (గురువు జరిపే పవిత్ర క్రియలు) అతని గుడిసెలోకి వెళ్లి ఇవ్వడానికి వెనకాడే పరిస్థితి. 1703లో పాండిచ్చేరికి వచ్చిన పోప్ రాయబారి తూర్నోన్ దీన్ని తప్పుబట్టి 1704లో ఆదేశాలు జారీ చేశారు. వాదన నలభై ఏళ్లు సాగింది. చివరికి 1744లో 14వ బెనెడిక్ట్ ఇచ్చిన ఉత్తర్వు, అణగారిన కులాల వారికి సేవ చేయడానికే వేరుగా గురువులను నియమించే జెస్విట్ల ప్రతిపాదనను అంగీకరించింది. సంస్కారాలు గుడిసెలోకి వెళ్లాయి. వాటిని మోసుకెళ్లే గురువుల్లోనే రెండు తరగతులు ఏర్పడ్డాయి.

సేవా నాయకత్వంపై ప్రసంగాల్లో ఈ అధ్యాయం దాదాపు కనిపించదు. నిజానికి ఇంతకంటే ఉపయోగపడే ఉదాహరణ ఈ ప్రాంతంలో దొరకడం కష్టం. ఒక సంస్కృతి ముందు తల వంచడం, ఆ సంస్కృతి కాళ్ల కింద నలిగినవారి ముందు తల వంచడం ఒకటి కావని, కొన్నిసార్లు ఒకదానికొకటి అడ్డుపడతాయని పుంగనూరు మిషన్ చూపించింది. ఆ గురువులకు చిత్తశుద్ధి లోపించిందని అనలేం. తమ వినయం ఎవరి కళ్లలో వినయంగా కనిపించాలన్నదాన్ని వారి పద్ధతే ముందుగా నిర్ణయించేసింది.

విచారణలో అధికారం నడిచే తీరు

నేడు తిరుపతి, చిత్తూరు ప్రాంతంలోని విచారణల్లో ఎక్కువ భాగం కడప మేత్రాసనం (బిషప్ పరిధిలోని ప్రాంతం) కిందివి. నెల్లూరు మేత్రాసనాన్ని విభజించి 1976లో దీన్ని ఏర్పాటు చేశారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినా మేత్రాసనాల హద్దులు పాత జిల్లాలనే అనుసరిస్తున్నాయి.

విచారణ గురువు స్థానాన్ని శ్రీసభ చట్టం వివరంగానే చెబుతుంది. న్యాయపరమైన అన్ని వ్యవహారాల్లో విచారణ తరఫున నిలిచేది ఆయనే (532వ అధికరణ). ప్రతి విచారణలోనూ ఆర్థిక మండలి తప్పనిసరి (537). విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్క విశ్వాసులకు చెప్పాలి (1287). కాపరి సేవలో తోడ్పడే విచారణ మండలి మాత్రం బిషప్ అవసరమనుకుంటేనే, అదీ సలహా ఇవ్వడం వరకే (536). కాగితం మీద చూస్తే, గురువు మాటే చెల్లినా ఆయన చెవికి నాలుగు గొంతులు చేరే ఏర్పాటు ఉంది.

ఆచరణలో చిక్కు వచ్చేది చాలా పాత్రలు ఒకే మనిషిలో కలిసిపోవడం వల్ల. ఆంగ్ల మాధ్యమ పాఠశాల ఉన్న విచారణలో గురువే తరచూ కరస్పాండెంటు కూడా. ఉపాధ్యాయుల్లో, ఆయాల్లో, వాచ్‌మన్‌లలో అదే గుడికి వచ్చే విశ్వాసులు ఉంటారు. ఆదివారం పీఠం దగ్గర తండ్రిగా కనిపించే వ్యక్తే సోమవారం జీతం ఇచ్చే యజమాని. గుడి లెక్కల గురించి ప్రశ్న అడగదలచిన ఉపాధ్యాయురాలు ఎవరిని అడుగుతున్నట్టు? ఇలాంటి కలయికలోని ప్రమాదం శ్రీసభకు తెలియనిది కాదు. గురువిద్యాలయ అధిపతి తన దగ్గర ఉండే విద్యార్థులు తమంతట తాము అడిగితే తప్ప వారి పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినకూడదని 985వ అధికరణ అంటుంది. భవిష్యత్తు తేల్చే చెయ్యి, మనస్సాక్షిని వినే చెవి ఒకే మనిషివి కాకూడదన్న జాగ్రత్త అది. విచారణ పాఠశాల ఉద్యోగికి అలాంటి రక్షణ లేదు.

బదిలీల ప్రభావం రెండు వైపులా ఉంటుంది. కొన్నేళ్లకోసారి గురువు మారడం వల్ల ఒకే మనిషి చుట్టూ గుడి అల్లుకుపోయే ప్రమాదం తగ్గుతుంది. అదే సమయంలో ప్రతి కొత్త గురువూ మండలిని కొత్తగా మొదలుపెట్టవచ్చు, లేదా మొదలే పెట్టకపోవచ్చు. సభ్యులను ఎంచుకునేది కూడా ఆయనే అయితే మండలిలో భిన్నమైన గొంతు వినిపించడం కష్టం. మరో వింత ఏమిటంటే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2020 సవరణతో విదేశీ నిధులు స్వీకరించే సంస్థలన్నీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా తెరవాల్సి వచ్చింది, పాలనా ఖర్చు 20 శాతానికి పరిమితమైంది. ప్రభుత్వం అడిగే లెక్క ఇంత కచ్చితంగా ఉండగా, ఆదివారం పళ్లెంలో పది రూపాయలు వేసిన దళితవాడ తల్లికి చెప్పాల్సిన లెక్క మాత్రం గురువు స్వభావం మీద ఆధారపడి ఉంటుంది.

తెలుగు ప్రాంతపు కతోలికుల్లో దళితులు అధిక సంఖ్యాకులు. నాయకత్వంలో వారి చోటు చాలాకాలం ఆ సంఖ్యకు తగ్గట్టు లేదన్న ఫిర్యాదు పాతది. భారత కతోలిక పీఠాధిపతుల మండలి 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానాన్ని విడుదల చేసింది. శ్రీసభలోనే కుల వివక్ష ఉందని అందులో ఒప్పుకుంది. కడప మేత్రాసనంలో గురువుగా సేవ మొదలుపెట్టిన పూల ఆంథోనీ, కర్నూలు బిషప్‌గా, తర్వాత హైదరాబాద్ అగ్రపీఠాధిపతిగా పనిచేస్తూ 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. ఆ హోదా పొందిన తొలి దళితుడు, తొలి తెలుగువాడు ఆయనే. పీఠం చుట్టూ తగవులు లేవని దీనర్థం కాదు. 2016 ఏప్రిల్‌లో అప్పటి కడప బిషప్ అపహరణకు, దాడికి గురైనప్పుడు పోలీసులు అరెస్టు చేసిన వారిలో గురువులు కూడా ఉండటం రాష్ట్రమంతటా వార్త అయింది. కేసు మంచిచెడ్డలు అలా ఉంచితే, సేవాస్థానమని చెప్పే పదవి చుట్టూ ఇంత ఉద్రిక్తత పోగుపడగలదన్నది ఆ ఘటన బయటపెట్టింది.

గ్రామాల్లో కథ వేరు. విచారణ కేంద్రానికి దూరంగా ఉండే పల్లెల్లో గురువు వచ్చేది ఎప్పుడో ఒకసారి. రోజూ ప్రార్థన నడిపేది, రోగి ఇంటికి వెళ్లేది, చావుకు ముందుగా చేరేది ఉపదేశి, అంటే గురువు కాని స్థానిక బోధకుడు. యోహాను 13వ అధ్యాయానికి అందరికంటే దగ్గరగా బతుకుతున్నది బహుశా వీరే, ఆస్పత్రుల్లో పనిచేసే కన్యస్త్రీలే. మండళ్ల మాట ఎత్తినప్పుడు మాత్రం వీరి పేర్లు చివర వస్తాయి.

వినయం పేరుతో మౌనం

సేవా నాయకత్వపు భాషకు ఒక చీకటి కోణం ఉంది. పెద్దవాడు సేవకుడు కాబట్టి ఆయన్ను ప్రశ్నించడం కృతఘ్నత అవుతుంది, ఓర్చుకోవడం క్రీస్తును అనుసరించడం అవుతుంది. అనేక దేశాల్లో బయటపడిన లైంగిక వేధింపుల కేసుల్లో ఈ తర్కం బాధితుల నోరు నొక్కడానికి పనికొచ్చింది. ఫ్రాన్సిస్ 2018 ఆగస్టులో విశ్వాసులందరికీ రాసిన లేఖలో గురువుల ఆధిపత్య ధోరణిని ఈ జాడ్యానికి మూలాల్లో ఒకటిగా పేర్కొన్నారు. 2019 మేలో వచ్చిన కొత్త నిబంధనలు ప్రతి మేత్రాసనంలో ఫిర్యాదు స్వీకరించే వ్యవస్థ ఉండాలని, తెలిసిన సంగతిని పైకి నివేదించడం గురువులకు, మఠవాసులకు విధి అని నిర్దేశించాయి. బిషప్‌ల మీద వచ్చే ఫిర్యాదులకు కూడా అవి మార్గం చూపాయి. 2023లో ఈ నిబంధనలు శాశ్వతమయ్యాయి. మంచితనం మీద నమ్మకం ఉంచితే చాలదని శ్రీసభ చట్టరూపంలో ఒప్పుకున్న సందర్భమిది.

మానవశాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్న మాట ఒకటి ఇక్కడ పనికొస్తుంది. హోదాలు ఒక పూట తారుమారయ్యే ఆచారాలు మిగతా రోజుల క్రమాన్ని కదిలించకపోగా గట్టిపరచవచ్చు. తిరుమలలో అధికారులు, వ్యాపారులు శ్రీవారి సేవకులుగా వచ్చి క్యూల్లో భక్తులకు నీళ్లందించి, వడ్డించి, తిరిగి తమ కుర్చీలకు వెళ్లిపోతారు. ఆ సేవ నిజమైనదే, అందులోని భక్తీ నిజమైనదే. దాన్ని బట్టి వారి కార్యాలయాలు మారాలని ఎవరూ ఆశించరు. పవిత్ర గురువారపు తంతు మాత్రం అలా ఆశించమంటుంది, ఎందుకంటే దాని మూలకథలో ఆజ్ఞ ఉంది.

మేనేజ్‌మెంట్ పాఠం వేరు

ఇదే పేరుతో వ్యాపార కళాశాలల్లో చెప్పే పాఠం 1970లో అమెరికన్ రాబర్ట్ గ్రీన్‌లీఫ్ రాసిన వ్యాసంతో ప్రాచుర్యంలోకి వచ్చింది. ఆయన టెలిఫోన్ కంపెనీలో దశాబ్దాలు పనిచేసిన క్వేకర్ క్రైస్తవుడు. సిబ్బంది ఎదుగుదలను నాయకుడి విజయానికి కొలతగా పెట్టడం ఆ పాఠంలోని మేలైన అంశం. అయితే అక్కడ సేవకు చివరికి సంస్థ ఫలితంతో లంకె ఉంటుంది. సిలువ దాకా వెళ్లిన కథలో అలాంటి లాభం లెక్క లేదు. ఆ నాయకుడి బృందం ఆ రాత్రే చెల్లాచెదురైంది. శిక్షణ తరగతుల్లో రెండింటినీ ఒకటిగా చెప్పేయడం సులువే గానీ, అలా చెబితే రెండూ పలచబడతాయి.

ఇక మీదట

2021లో మొదలై 2024 అక్టోబరు 26న ముగిసిన సినడ్ (శ్రీసభ అంతటా సాగిన సంప్రదింపులు, సభలు) ప్రక్రియ ఈ చర్చను ప్రవర్తన నుంచి నిర్మాణం వైపు జరిపింది. దాని 2023 సమావేశంలో తొలిసారి స్త్రీలు ఓటు వేశారు. తుది పత్రం పారదర్శకత, జవాబుదారీతనం, పదవుల్లో ఉన్నవారి పనితీరు సమీక్ష గురించి నేరుగా మాట్లాడింది. విచారణ, మేత్రాసన మండళ్లను తప్పనిసరి చేయాలంది. ‘సలహా మాత్రమే’ అన్న చట్టపు మాటను పునఃపరిశీలించాలని, అందరినీ అడిగాక తేలిన దిశను పీఠాధిపతి పక్కన పెట్టేయడం కుదరదని కూడా అంది. ఫ్రాన్సిస్ ఆ పత్రానికి అక్కడికక్కడే ఆమోదం తెలిపారు. 2025 మార్చిలో ప్రకటించిన కార్యక్రమం ప్రకారం అమలు ఎలా ఉందో చూసే సభలు 2027 తొలి సగంలో మేత్రాసన స్థాయిలో జరగాలి. 2028 అక్టోబరులో వాటికన్‌లో సభ జరగాలి.

తిరుపతి, చిత్తూరు విచారణలపై దీని ప్రభావం ఎంత అన్నది ప్రధానంగా మేత్రాసనం తీసుకునే చొరవను బట్టి ఉంటుంది. అన్ని దేశాల్లోనూ విచారణ మండలిని తప్పనిసరి చేయాలంటే శ్రీసభ చట్టాన్నే సవరించాలి, దానికి ఏళ్లు పట్టవచ్చు. కానీ ఒక మేత్రాసనంలో తప్పనిసరి చేయడానికి ఏ సవరణా అక్కర్లేదు. తన గురుమండలిని సంప్రదించి బిషప్ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు, 536వ అధికరణ ఆ అధికారాన్ని 1983లోనే ఇచ్చింది. ఆర్థిక మండలికి అంత కూడా అవసరం లేదు, అది ఇప్పటికే తప్పనిసరి.